సంచి మీద పెంగ్విన్

నెల్లూరు జిల్లాలో పెంగ్విన్లు రెండే చోట్ల కనిపిస్తాయి. ఒకటి పార్కుల్లో, చెత్తడబ్బా అవతారంలో, నోరు తెరుచుకుని. రెండోది హెబ్రోను అమ్మే రొయ్యల మేత సంచి మీద, నవ్వుతూ. మొదటి దాన్ని చూసి ఇంతవరకూ ఎవరూ గొడవ పెట్టుకోలేదు. రెండో దాన్ని చూసి ఒకమ్మాయి పెట్టుకుంది. అది కూడా బిరియాని గిన్నెల మూతలు తియ్యబోయే ముందు.

ఆ రోజు ముత్తుకూరు దగ్గర ఒక పల్లెలో రైతుల మీటింగు. హెబ్రోను గూడూరు కుర్రాడు. ఫిషరీస్ డిప్లొమా చేసి మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేరాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో మైకు. మైకు చేతికొస్తే తాను చెప్పేదంతా ముందు తానే నమ్మేస్తాడు, అదొక్కటే అతనిలో ఉన్న లోపం. ఎదురుగా నలభై మంది రొయ్యల రైతులు ఎంతో శ్రద్ధగా కూర్చున్నారు. ఆ శ్రద్ధ వెనక గదిలోని బిరియాని మీద అన్న సంగతి అతని దాకా రాలేదు.

"మా పోలార్ గోల్డ్ మేతలో స్పెషల్ ఏందంటే క్రిల్. అంటార్కిటికా సముద్రంలో దొరికే చిన్న రొయ్య లాంటిది. దాన్ని పొడి చేసి కలుపుతాం. ఆ వాసనకి మీ గుంటలో రొయ్య పరిగెత్తుకుంటా వచ్చి తింటది."

వెనక వరసలో ఒక చెయ్యి లేచింది.

"సార్, సంచి మీద ఉండే పక్షి ఏంది?"

"పెంగ్విన్, మేడమ్."

"అది ఏం తింటది?"

"చేపలు."

"అంటార్కిటికాలో చాలా రకాలు ఎక్కువగా తినేది క్రిల్. మీరు సంచిలో వేసింది ఏంది?"

హెబ్రోను మైకు కొంచెం దూరం పెట్టుకుని, "క్రిల్" అన్నాడు.

"అంటే దాని కూడు ఎత్తుకొచ్చి, దాని ఫోటోనే అంటించి అమ్ముతుండారు. అది నవ్వుతుండాది ఎందుకు సార్? సంచిలో ఏముందో దానికి ఎవరూ చెప్పలేదా?"

నలభై మందీ నవ్వారు. ఆ ముందు గంటసేపు హెబ్రోను చెప్పిన ఏ మాటకీ అంత స్పందన రాలేదు.

అమ్మాయి పేరు ఫేబీ. రొయ్యల రైతు ముత్యాలయ్య కూతురు. ముత్తుకూరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతుంది. పిల్లలు చాటుగా పెంగ్విన్ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోపల సంతోషం కూడా. క్రిల్ లేని మేత వాడమని ఊరూరా తిరిగి రైతులకు చెబుతోంది. ఇరవై మూడు మంది పేర్లు ఆమె నోట్‌బుక్కులో ఉన్నాయి. అందరిదీ ఒకటే మాట: ముందు మీ నాయన గుంటలో చేసి చూపించమ్మా, తర్వాత మేమూ మారతాం.

"అంత పెద్ద సముద్రం మేడమ్. మన నాలుగు సంచులకి తరిగిపోతదా?"

"అందరూ నాలుగు సంచులే అనుకుంటుండారు. ఓడలు పొయ్యేది ఎక్కువగా పెంగ్విన్లు పిల్లల్ని పెట్టే చోటికే. పిల్లని వదిలి అది ఎంత దూరం ఈదగలదు? ఆకలేస్తే మీ టోల్ ఫ్రీ నంబరుకి ఫోన్ చెయ్యమందామా?"

హెబ్రోనుకి చెవులు వేడెక్కాయి. "మీరు ఎన్నైనా చెప్పండి. క్రిల్ లేకపోతే రొయ్య తినదు."

"చూద్దాం. మా నాయనకి పక్కపక్కన రెండు గుంటలుండాయి. ఒకటే సైజు, ఒకటే సీడ్ రొయ్యపిల్లలు. ఒకదాంట్లో మీ పెంగ్విన్ సంచి వేద్దాం. రెండోదాంట్లో మీ కంపెనీదే, క్రిల్ లేని మామూలు మేత. మీరే వచ్చి రోజూ చూసుకోండి."

పక్కనే కూర్చున్న మేనేజర్ సుశీల్ కుమార్ కళ్లు మెరిశాయి. ఖర్చు లేకుండా ప్రచారం అంతకన్నా దొరకదు. "ఒప్పుకో" అని హెబ్రోను చెవిలో అన్నాడు. హెబ్రోను ఒప్పుకున్నాడు.

"ఆ యవ్వారం మళ్లీ తేల్చుకుందురుగానీ" అంది ముందు వరసలోంచి రాఘవమ్మ, ఆరెకరాల రొయ్యల గుంటలు ఒంటిచేత్తో చేసుకొచ్చే మనిషి. "బిరియాని సల్లారిపోతుండాది."

*

రొయ్య నీళ్ల అడుగున తింటుంది కాబట్టి తిన్నదో లేదో పైనుంచి కనపడదు. అందుకే చెక్ ట్రే. వలగుడ్డ బిగించిన పళ్లెంలో గుప్పెడు మేత వేసి, తాడు కట్టి గుంటలోకి దింపుతారు. రెండు గంటలాగి పైకి లాగుతారు. ఖాళీగా వస్తే రొయ్యకి ఇంకా ఆకలి ఉన్నట్టు, మర్నాడు మేత పెంచాలి. మిగిలితే తగ్గించాలి. ముత్యాలయ్య దేవుడి తర్వాత నమ్మేది ఆ పళ్లేన్నే.

రోజూ పొద్దున హెబ్రోను రెండు గుంటల మధ్య గట్టు మీదికి వచ్చేవాడు. కాలేజీకి పోయే ముందు ఫేబీ స్కూటీ మీద వచ్చేది. ఇద్దరూ రెండు ట్రేలు చూసి, రాసుకుని, కాసేపు తిట్టుకుని ఎవరి పని మీద వాళ్లు పోవాలి. మొదటి పది రోజులు అంతే జరిగింది. తర్వాత తిట్టుకునే సమయం పెరుగుతూ వచ్చింది.

"చిన్‌స్ట్రాప్ అని ఒక రకం ఉండాది" అంది ఫేబీ ఒకరోజు. "గడ్డం కింద హెల్మెట్ పట్టీ మాదిరి నల్ల గీత. గుడ్డుకి కాపలా ఉండేటప్పుడు రోజుకి పదివేల సార్లు నిద్రపోతుందంట. ఒక్కోసారి నాలుగే సెకన్లు."

"నాలుగు సెకన్లకి ఏం నిద్ర మేడమ్?"

ఆమె గట్టు చివరికి చెయ్యి చూపించింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో ముత్యాలయ్య తల వాల్చాడు. ఉలిక్కిపడి, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ తిరుగుతోందా లేదా చూశాడు. మళ్లీ వాల్చాడు.

"అంకుల్ ఆ రకమే" అన్నాడు హెబ్రోను గంభీరంగా. "పట్టీ ఒకటే తక్కువ."

ఫేబీ పెద్దగా నవ్వింది. అంతవరకూ అతన్ని చూసి నవ్వింది గానీ, అతని మాటకి నవ్వడం అదే మొదలు. హెబ్రోను ఆ పూట రెండో గుంట లెక్క మొదటి గుంట గడిలో రాశాడు.

ఆ రాత్రి నుంచి అతను ఫోన్‌లో పెంగ్విన్ వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. పూర్తిగా ఉద్యోగ ధర్మంగానే. పోటీదారు వాదన తెలుసుకోవాలి కదా. అలా తెలుసుకుంటూ ఒక వీడియో దగ్గర ఆగిపోయాడు. వేలాది పిల్లల మధ్యకి ఒక తల్లి పెంగ్విన్ సముద్రంలోంచి వచ్చి అరిచింది. అందులో ఒకే ఒక్క పిల్ల ఆ గొంతు గుర్తుపట్టి పరిగెత్తింది. తల్లి దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. పిల్ల దాని ముక్కు పొడుస్తూనే ఉంది. హెబ్రోను ఆ వీడియో మూడుసార్లు చూశాడు. పొద్దున గోడౌన్‌లో సంచుల మీద వరసగా నవ్వుతున్న పెంగ్విన్లని చూసి, మొదటిసారి సిగ్గుపడ్డాడు.

అంతలో రెండో గుంటలో మేత మిగిలింది.

ట్రే పైకి లాగి ఫేబీ చాలాసేపు చూసింది. సగం మేత అలాగే ఉంది. పక్కన క్రిల్ గుంట ట్రే కడిగినట్టు ఖాళీ.

"వేరే మేతకి మారినాం గదా. అలవాటు పడద్ది" అన్నాడు హెబ్రోను. ఆమె తల ఊపింది గానీ ఆ పూట తిట్టలేదు, పెంగ్విన్ కబుర్లు చెప్పలేదు. స్కూటీ స్టార్ట్ చేసి వెళ్లిపోయింది.

మర్నాడు అతనే ముందు వచ్చి ట్రే లాగాడు. మళ్లీ మిగిలింది. గట్టు మొదట్లో ఆమె స్కూటీ కనిపించింది. హెబ్రోను చదువుకున్నవాడు. మిగిలిన మేత రాసుకుని, దాణా తగ్గిస్తే, నాలుగైదు రోజుల్లో రొయ్య తిండికి వస్తుందని అతనికి తెలుసు. అంతా తెలిసిన ఆ మనిషి ట్రేని నీళ్లల్లోకి దులిపేసి, ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.

ఫేబీ చూసింది. ముఖమంతా నవ్వు అయింది.

"చూసినావా? నేను చెప్పలా నీకు?"

మేడమ్ గారు 'మీరు' నుంచి 'నువ్వు'లోకి వచ్చేసింది. ఇంక అతన్ని బాగు చేసేవాళ్లు ఎవరూ లేరు. తర్వాత పది రోజులు ప్రతి పొద్దునా ఆమె కంటే ముందే వచ్చి ట్రే దులిపాడు. ట్రే ఖాళీగా ఉంది కాబట్టి ముత్యాలయ్య రోజూ మేత పెంచాడు. రొయ్య తినని మేత అడుగున చేరి కుళ్లడం మొదలైంది. పైన మాత్రం అంతా ప్రేమమయంగా ఉంది.

పదకొండో రోజు అల్పపీడనం పట్టింది. గట్టు మీద ఉండగానే వాన అందుకుంది. గొడుగు లేదు. హెబ్రోను ఖాళీ మేత సంచి చింపి ఇద్దరి తలల మీదా పట్టాడు. సంచి ఇద్దరికి చాలదు. చాలదని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

"మా కాలేజీ పిల్లలు మీ కంపెనీకి ఉత్తరాలు రాసినారు" అంది ఫేబీ. "క్రిల్ తీసెయ్యమని. ఈ గుంట బాగా వస్తే ఆ ఇరవై మూడు మందీ మారతారు. అప్పుడు మీవాళ్లు ఉత్తరాలు చదవక ఏం చేస్తారు?"

"మారతారులే."

"నువ్వు ఎవరి తరఫు అసలు?"

హెబ్రోను వాన వైపు చూశాడు. "తడవకుండా నిలబడు" అన్నాడు.

*

మబ్బు మూడు రోజులు వదల్లేదు. నాలుగో పొద్దున ఆరింటికి ముత్యాలయ్య ఫోన్ చేశాడు. "అబ్బయ్యా, రెండో గుంట తేలింది. తొందరగా రా."

ఎండ లేక, అడుగు కుళ్లి నీళ్లల్లో గాలి తగ్గితే, రొయ్య ఊపిరాడక అడుగు వదిలి పైకి వస్తుంది. హెబ్రోను పోయేసరికి గుంట అంచుల్లో మీసాలు మీసాలుగా కనిపిస్తున్నాయి. పక్క రైతుల ఏరేటర్లు కూడా తెచ్చి వేశారు. పాత నీళ్లు తోడారు, కొత్త నీళ్లు పెట్టారు, మేత ఆపేశారు. పది గంటలకి రొయ్య మళ్లీ అడుగుకి దిగింది. దిగనివి గంపలకి ఎత్తి గట్టు మీద పోశారు. పక్కన క్రిల్ గుంట ఏమీ తెలియనట్టు నిమ్మళంగా ఉంది.

ఫేబీ ఆ కుప్ప పక్కన కూర్చుంది. చీర కుచ్చిళ్ల దాకా బురద.

"నువ్వు మీటింగులో చెప్పిందే రైటు. ఆ మేత వీటికి సరిపడలా. పిల్లల చేత అబద్ధం రాయించినా నేను. మా నాయన గుంట ముంచినా."

హెబ్రోను నోరు తెరిచాడు. ఒక్క వాక్యం. ట్రే నేను దులిపినా. ఆ వాక్యం చెబితే ఆమె మళ్లీ తన ముఖం చూడదు. అతనికి భయం వేసింది, అంతే, దాచడానికేముంది. తెరిచిన నోరు మూసుకుని, చచ్చిన రొయ్యలు గంపకెత్తాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఫేబీ గట్టు మీదికి రాలేదు. సాయంత్రాలు స్కూటీ వేసుకుని ఆ ఇరవై మూడు మంది ఇళ్లకీ పోయి, తాను చెప్పింది తప్పని, ఎవరూ మేత మార్చొద్దని చెప్పి వచ్చిందట. ముత్యాలయ్య చెప్పాడు. చెబుతూ ఆయన గుంట వైపు చూశాడు గానీ హెబ్రోను వైపు చూడలేదు.

హెబ్రోను మాత్రం రోజూ వచ్చాడు. మిగిలింది మిగిలినట్టు రాశాడు, మేత తగ్గించాడు. అయిదో రోజుకి రెండో గుంట రొయ్య తిండికి వచ్చింది. పదో రోజుకి రెండు ట్రేలూ ఒకేలా ఖాళీ. క్రిల్ లేని మేతని రొయ్య శుభ్రంగా తింటోంది. ఆ సంగతి చూసి నవ్వాల్సిన మనిషి అక్కడ లేదు.

*

ఫలితం రైతులకి చూపించే ఫీల్డ్ డే నాడు గుంటల పక్కనే షామియానా వేశారు. సుశీల్ కుమార్ కొత్త చొక్కాలో వచ్చాడు.

"చాలా సింపుల్, హెబ్రోన్. క్రిల్ గుంట బాగుంది. క్రిల్ లేని గుంట తేలింది. రెండు ముక్కలు చెప్పి దిగిపో. గూడూరు ఏరియా మేనేజర్‌గా నీ ప్రమోషన్ లెటరు నా బ్యాగులోనే ఉంది."

ముప్పై మంది రైతులు వచ్చారు. ఫేబీ నోట్‌బుక్కులోని ఇరవై మూడు మందిలో ఒక్కరూ రాలేదు. ఫలితం తెలిసిపోయిన పరీక్షకి ఎవరొస్తారు? ఆమె మాత్రం ముందు వరసలో కూర్చుంది. ఓటమి ఒప్పుకోవడానికి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. ఆ చీర చూశాక హెబ్రోనుకి ఇంక లెటరు గుర్తు రాలేదు.

మైకు తీసుకున్నాడు. "రెండో గుంట తేలింది క్రిల్ లేక కాదు. నా వల్ల. ట్రేలో మేత మిగిలితే పదకొండు రోజులు నేను నీళ్లల్లోకి దులిపినా. ఖాళీగా ఉందని అంకుల్ మేత పెంచినాడు. అడుగు కుళ్లింది."

మిగతా తప్పులేమైనా ఈ ప్రాంతంలో క్షమిస్తారు. ట్రే విషయంలో అబద్ధం ఆడినవాణ్ణి ఎవరూ గట్టెక్కనివ్వరు. ముత్యాలయ్య నిద్ర పూర్తిగా వదిలిపోయింది.

"ఎందుకు దులిపినావయ్యా?" అని అడిగింది రాఘవమ్మ.

"ట్రే ఖాళీగా ఉంటే ఫేబీ నవ్వుతాది. అందుకని."

ఎవరో దగ్గారు. సుశీల్ కుమార్ మైకు కోసం చెయ్యి చాచాడు. హెబ్రోను వదల్లేదు.

"ఈ మూడు వారాలు ట్రే చూసింది చూసినట్టు రాసినా. రెండు గుంటలూ ఒకే మాదిరి తింటుండాయి. నా మాట నమ్మొద్దు, నమ్మాల్సిన పని లేదు. ట్రేలు రెండూ పొద్దున్నే దించినారు. మీరే లాగి చూడండి."

రాఘవమ్మ లేచి, చెప్పులు వదిలి, గట్టు దిగి రెండో గుంట తాడు లాగింది. పళ్లేన్ని అందరికీ కనపడేలా పైకెత్తింది. ఖాళీ. అవతల ట్రే కూడా లాగింది. అదీ ఖాళీ.

"రొయ్యకి పెంగ్విన్ కూడుతో పని లేదయ్యా సుశీల్ కుమారూ" అంది ఆమె. "దాని కూడు దానికి ఇచ్చెయ్యండి."

లెటరు బ్యాగులోంచి బయటికి రాలేదు. హెబ్రోను మెడలోని ట్యాగు మాత్రం ఆ బ్యాగులోకి వెళ్లింది. ఫేబీ అతని వైపు ఒక్కసారి చూసి, స్కూటీ ఎక్కి పోయింది. ఆ చూపులో ఏముందో తెలుసుకోవడానికి డిప్లొమా సరిపోలేదు.

*

మూడో రోజు ఫోన్ వచ్చింది. "రేపు ఎనిమిదింటికి ముత్తుకూరు సెంటర్‌లో ఉండు."

ఉన్నాడు. ఏడున్నర నుంచే ఉన్నాడు. ఫేబీ వచ్చి స్కూటీ ఆపి, నోట్‌బుక్కు అతని చేతిలో పెట్టింది.

"మూడు వారాలు ఈ ఇరవై మూడు ఇండ్లకి తిరిగి, నేను తప్పు చెప్పినానని చెప్పుకున్నా. ఒకాయన టీ ఇచ్చి మరీ ఓదార్చినాడు. మా నాయన గుంటలో చచ్చిన రొయ్యకి నేను ఏడ్చినా. ఆ పొద్దున నువ్వు నా పక్కనే ఉండి నోరు మూసుకున్నావు."

"భయమేసింది ఫేబీ."

"దేనికి?"

"నువ్వు ఇంక రావని."

"చెప్పకపోతే వచ్చినానా మరి?" అందామె. వెనక సీటు చూపించింది. "ఎక్కు. ప్రతి ఇంటికీ పోతాం. ఏం జరిగిందో నువ్వే చెప్పాల. ఒక్క ముక్క కూడా తగ్గించబాకు."

మొదటి ఇల్లు నరేంద్రబాబుది.

"ట్రే దులిపితే గుంట పోతదని తెల్దా నీకు?" అన్నాడాయన.

"తెలుసన్నా."

"తెలిసి ఎందుకు దులిపినావు?"

"ఈమె నవ్వాలని."

నరేంద్రబాబు భార్యని వంటింట్లోంచి పిలిచి మళ్లీ మొదటినుంచీ చెప్పించుకున్నాడు. ఇద్దరూ తృప్తిగా నవ్వుకున్నాక, వచ్చే పంటకి క్రిల్ లేని మేతే వేస్తానన్నాడు. "ఉద్యోగం పోయిందంట గదా. మా గుంటలు చూసిపెట్టు నాయనా. మా ఇంట్లో ఆడపిల్లలు లేరు, ట్రే భద్రంగా ఉంటది."

ఆరో ఇంటికి హెబ్రోనుకి చెమట పట్టడం ఆగింది. పదో ఇంటి దగ్గర ఇరుగుపొరుగు ముందే చేరి కూర్చున్నారు, కథ వాళ్ల కంటే వేగంగా ప్రయాణం చేస్తోంది. పదిహేనో ఇంట్లో ఒక ముసలమ్మ, అంత ప్రేమ ఉన్నోడివి ఆ మేతేదో నువ్వే తినేసుంటే పొయ్యేది గదా అంది. సాయంత్రానికి ఇరవై రెండు ఇళ్లు అయ్యాయి. ఇద్దరు ఆలోచిస్తామన్నారు. ఇరవై మంది ఒప్పుకున్నారు. ప్రతి చోటా ఫేబీ పక్కన నిలబడి, నేల చూస్తూ, పేరు పక్కన టిక్కు పెట్టింది తప్ప మాట కలపలేదు. హెబ్రోను ఇంక ఆశ వదులుకున్నాడు. పెంగ్విన్లకైనా మేలు జరిగింది కదా అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

చివరిది చెంచులక్ష్మి ఇల్లు, సముద్రానికి దగ్గరగా. ఆమె అరుగు మీద కూర్చుని తెగిన వల అల్లుకుంటోంది. అంతా విని, వల పక్కన పెట్టి, అందరూ అడిగిందే అడిగింది.

"ఎందుకు దులిపినావు నాయనా?"

హెబ్రోను ఇరవై మూడోసారి నోరు తెరిచాడు.

"నా కోసం అక్కా" అంది ఫేబీ. "ఇరవై రెండు ఇండ్లల్లో చెప్పినాడు, ఇంక చాల్లే. రెండోసారి ఇట్టాంటి పని చెయ్యడు. మేము పెండ్లి చేసుకుంటుండాం."

హెబ్రోను అరుగు మీద కూలబడ్డాడు. చెంచులక్ష్మి అతన్ని, ఆమెను మార్చి మార్చి చూసింది.

"మీ నాయనకి తెలుసా అమ్మా?"

"తెలుసు. మా అమ్మకీ తెలుసు, చర్చిలో అయ్యగారికీ చెప్పినాం" అంది ఫేబీ, చివరి పేరు పక్కన టిక్కు పెడుతూ. "ఈయనకే ఇప్పుడు తెలిసింది."